నాలుగేళ్ల పాపకు రేచీకటి: విటమిన్ ‘ఎ’ మందు ఎంత, ఎన్నిసార్లు, ఎక్కడ వేయించాలి?

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుడు, దామలచెరువు ప్రాంతం

అందరికీ నమస్కారం. నేను దామలచెరువు పక్కన ఒక పల్లెలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా అబ్బాయి బెంగళూరులో టైల్స్ పనులు ఒప్పుకొని చేయిస్తుంటాడు. కోడలు, పిల్లలు కూడా అక్కడే ఉండేవారు. ఈ సంవత్సరం పిల్లలిద్దరినీ మా దగ్గర వదిలి వెళ్లారు. పెద్దవాడికి ఎనిమిదేళ్లు, చిన్నదానికి నాలుగేళ్లు నిండి కొన్ని నెలలైంది. నా ప్రశ్న ఈ చిన్నదాని గురించి.

పగలంతా చక్కగా ఆడుకునే పాప పొద్దు గూకితే చాలు, అడుగు తీసి అడుగు వేయడానికి జంకుతోంది. వసారాలో సన్నటి దీపం వెలుగుతున్నా పళ్లెంలో ముద్ద ఎక్కడుందో చేత్తో తడుముకుంటుంది. కరెంటు పోతే ఉన్నచోటనే కూర్చుండిపోయి, ఎవరైనా వచ్చి చెయ్యి పట్టుకుంటే తప్ప లేవదు. మొదట్లో చీకటంటే భయమనుకున్నాము. మొన్న తలంటి పోసేటప్పుడు మా ఇంటావిడ గమనించింది: రెండు కళ్లలోనూ తెల్లగుడ్డు మీద, చెవి వైపున, సబ్బు నురగ ఆరి అంటుకున్నట్టు చిన్న బూడిదరంగు మచ్చ ఉన్నది. తుడిస్తే కొంత పోయినట్టే ఉంటుంది, మరునాటికి మళ్లీ వస్తుంది.

టీకాల కార్డు తీసి చూశాను. తొమ్మిదో నెలలో ఒకసారి, ఏడాదిన్నర వయసులో ఒకసారి విటమిన్ ‘ఎ’ వేసినట్టు రాసి ఉంది. ఆ తరువాతి గళ్లన్నీ ఖాళీగానే ఉన్నాయి. పాపకు తిండి మీద ధ్యాస తక్కువ. చారన్నం, బిస్కెట్లు, టీలో ముంచిన రొట్టె తప్ప మరొకటి ముట్టదు. గుడ్డు వాసన పడదంటుంది. పోయిన వర్షాకాలంలో చాలాకాలం బేదులయ్యాయని కోడలు చెప్పింది.

మందుల షాపులో అడిగితే పిల్లల టానిక్కు ఒకటీ, చేపనూనె గుళికలూ ఇచ్చి, రోజుకు రెండు గుళికలు మింగించమన్నారు. పక్కింటివారు మునగాకు పెట్టండి, అదే తగ్గిపోతుందంటున్నారు. మరొకరు మేక కార్జం (కాలేయం) కాల్చి కంటికి ఆవిరి పట్టమన్నారు. వీటిలో ఏది చేయాలి? మందు వేయాలంటే ఎంత వేయాలి, ఎక్కువైతే ప్రమాదమా? తిండితోనే సరిచేయవచ్చా? తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

సమాధానం 1: పిల్లల వైద్యుడు, తిరుపతి

మాస్టారు గారూ, మీరు రాసిన వివరాలు చదివిన తరువాత మొదట చెప్పవలసిన మాట ఒక్కటే. ఈ సమాధానాలన్నీ వచ్చేదాకా ఆగకుండా రేపు ఉదయమే పాపను మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లండి. కన్ను చూడకుండా నేను ఇక్కడి నుంచి రోగ నిర్ధారణ చేయలేను కాని, రేచీకటి, తెల్లగుడ్డు మీద చెవి వైపు నురగలాంటి మచ్చ, దీర్ఘకాలం బేదులు, మోతాదులు తప్పిపోయిన కార్డు — ఈ నాలుగూ ఒకే పిల్లలో కనిపించినప్పుడు విటమిన్ ‘ఎ’ లోపం కాదని రుజువయ్యేవరకు అదేనని భావించి చికిత్స మొదలుపెట్టడం మా పద్ధతి. మీరు చెప్పిన మచ్చను బిటాట్ మచ్చ అంటారు.

ఈ లోపం కంటిని ఒక వరుసలో దెబ్బతీస్తుంది. మసక వెలుతురులో చూడటానికి రెటీనాలో, అంటే కంటి లోపలి తెరలో, రొడాప్సిన్ అనే పదార్థం కావాలి, దాని తయారీకి విటమిన్ ‘ఎ’ కావాలి. అందుకే మొదట పోయేది సాయంకాలపు చూపు. తరువాత తెల్లగుడ్డు తడి ఆరి ముడతలు పడుతుంది, మచ్చలు వస్తాయి. ఇంతవరకు వచ్చినా చూపు పూర్తిగా తిరిగివస్తుంది. ఆ పైన నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, అంటే కార్నియా, పొడిబారి మెరుపు కోల్పోతుంది. అక్కడి నుంచి పుండు పడి కరిగిపోవడానికి కొన్నిసార్లు ఒకటి రెండు రోజులు కూడా పట్టదు, అలా పోయిన చూపు మందుతో తిరిగిరాదు. కాబట్టి పాప వెలుతురులో కన్ను తెరవలేకపోయినా, నల్లగుడ్డు మసకబారినట్టున్నా, దానిమీద తెల్లటి చుక్క కనిపించినా రేపటిదాకా కూడా ఆగవద్దు. నేరుగా తిరుపతి రుయా ఆసుపత్రికి గాని, కంటి ఆసుపత్రికి గాని తీసుకురండి. దారిలో కన్ను నొక్కకండి. కార్జం ఆవిరి, ఆకుపసరు, చనుబాలు, తేనె వంటివి కంటికి దగ్గరకు కూడా రానివ్వకండి. పొడిబారిన కార్నియాకు అవి చీము పట్టించిన సందర్భాలు మేము చూస్తూనే ఉంటాము.

ఇక మోతాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన చికిత్స క్రమం ఇది. ఏడాది దాటిన పిల్లలకు లక్షణాలు గుర్తించిన రోజున 2 లక్షల యూనిట్లు, మరునాడు మళ్లీ 2 లక్షలు, కనీసం రెండు వారాల తరువాత మరో 2 లక్షలు నోటి ద్వారా వేస్తారు. ఆరు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు ప్రతిసారీ లక్ష, ఆరు నెలల లోపు వారికి 50 వేలు. మన జాతీయ కార్యక్రమంలో లక్షణాలున్న పిల్లలకు వెంటనే ఒక మోతాదు, ఒకటి నుంచి నాలుగు వారాల మధ్య మరొకటి అని రాసి ఉంటుంది కనుక, మీ వైద్యాధికారి ఆ క్రమంలో వేసినా కంగారుపడవద్దు. మొదటి మోతాదు ఆలస్యం కాకపోవడమే ముఖ్యం. ఇది చికిత్స. కార్డులో ఆరు నెలలకొకసారి రాసేది నివారణ. ఈ రెండింటినీ కలిపి ఆలోచించడం వల్లనే “మొన్ననే వేశారు కదా, మళ్లీ ఎందుకు?” అని కొందరు, “టానిక్కులో కూడా ఇదే ఉంది కదా” అని మరికొందరు ఆగిపోతుంటారు. షాపులో అమ్మే టానిక్కులలో సాధారణంగా రోజువారీ అవసరానికి సరిపడే కొద్దిపాటి విటమిన్ మాత్రమే ఉంటుంది. ఖాళీ అయిపోయిన కాలేయపు నిల్వలను అది ఈ వారంలో నింపలేదు.

రక్తపరీక్ష చేయించాలా అని మీరు అడగవచ్చు. రక్తంలో రెటినాల్, అంటే విటమిన్ ‘ఎ’, డెసిలీటరుకు 20 మైక్రోగ్రాముల కన్నా తగ్గితే లోపం అంటారు. అయితే జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఆ అంకె తనంతట తానే పడిపోతుంది, పైగా ఆ పరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తూ మందు ఆపడం తగదు. ఈ వ్యాధికి అసలైన పరీక్ష మందే. లోపం వల్ల వచ్చిన రేచీకటి అయితే మొదటి మోతాదు తరువాత ఒకటి రెండు రోజులలోనే సాయంకాలపు నడకలో తేడా కనిపిస్తుంది. మచ్చలు మాత్రం వారాలు, కొన్నిసార్లు నెలలు పడతాయి.

తేడా కనిపించకపోతే మరొక సంగతి ఆలోచించాలి. మన జిల్లాలలో మేనరికాలు ఎక్కువ. దగ్గరి బంధువుల సంతానంలో రెటీనాకు వంశపారంపర్యంగా వచ్చే జబ్బు ఒకటి ఉన్నది, దాన్ని రెటినైటిస్ పిగ్మెంటోసా అంటారు. అది కూడా రేచీకటితోనే మొదలవుతుంది, దానిలో మచ్చలు ఉండవు, ఈ మందుకు లొంగదు. మీ అబ్బాయిది మేనరికమా? ఇంట్లో మరెవరికైనా రాత్రిపూట చూపు తక్కువా? కంటి వైద్యులకు ఈ విషయం తప్పక చెప్పండి.

సమాధానం 2: విశ్రాంత ఏఎన్‌ఎం, పలమనేరు

మాస్టారు గారికి నమస్కారం. డాక్టరు గారు చెప్పినదానికి నేను చేర్చేది మందు వేసే పద్ధతి గురించి మాత్రమే. మీరు షాపులలో వెతకవలసిన పని లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోను, గ్రామ ఆరోగ్య పోషకాహార దినం నాడు అంగన్‌వాడీలోను ఉచితంగా వేసే నూనె మందు ఇదే. దానిలో 1 మిల్లీలీటరుకు లక్ష యూనిట్లు ఉంటాయి. సీసాతో పాటు ఒక ప్లాస్టిక్ చెంచా వస్తుంది. దాని లోపలి గీత వరకు పోస్తే 1 మిల్లీలీటరు, నిండుగా పోస్తే 2. ఆ చెంచాతోనే వేయాలి. ఇంట్లో ఉన్న టీ చెంచాతో గాని, దగ్గు మందు మూతతో గాని కొలిస్తే మోతాదు రెండింతలైపోతుంది. నేను పనిచేసినన్నాళ్లూ చెంచా పోయిన సీసాను పక్కన పెట్టి, కొత్త చెంచా వచ్చేవరకు దానిని తెరిచేదాన్ని కాదు.

పిల్ల ఏడుస్తున్నప్పుడు ముక్కు మూసి నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒళ్లో తల కొంచెం ఎత్తుగా కూర్చోబెట్టి బుగ్గ వైపు నుంచి కొంచెం కొంచెంగా వేయాలి. నాలుగేళ్ల పిల్ల కనుక చెబితే మింగుతుంది, జిడ్డుగా ఉంటుందని ముందే చెప్పండి. వేసిన రోజు కొందరికి వికారం, వాంతి, తలనొప్పి ఉంటాయి, పసిపిల్లలలో మాడు కొంచెం ఉబ్బుతుంది. ఇవి ఒకటి రెండు రోజులలో వాటంతట అవే తగ్గుతాయి. వేసిన వెంటనే మొత్తం కక్కితే మళ్లీ వేయాలో వద్దో మీరు నిర్ణయించకండి, వేసినవారినే అడగండి.

కార్డు గురించి కూడా రాయాలి. తొమ్మిదో నెలలో తట్టు, రుబెల్లా టీకాతో పాటు లక్ష యూనిట్లు, ఏడాదిన్నర వయసులో 2 లక్షలు, ఆ తరువాత అయిదేళ్లు నిండేవరకు ఆరు నెలలకొకసారి 2 లక్షలు, మొత్తం 9 మోతాదులు, 17 లక్షల యూనిట్లు. టీకాల కోసం తల్లులు పట్టుబట్టి వస్తారు. ఏడాదిన్నర దాటి టీకాలు తగ్గిపోయిన తరువాత ఈ నూనె మందు కోసం మాత్రమే రావడం చాలామంది మానేస్తారు. వలస వెళ్లిన కుటుంబాలలో అయితే రెండో గడి తరువాత ఖాళీ అన్నది మామూలే. వేరే రాష్ట్రంలో ఉన్నాసరే, ఆ ఊరి అంగన్‌వాడీకి కార్డు పట్టుకుని వెళ్తే వేస్తారు. రేషన్ కార్డు ఎక్కడిదని అడిగి వెనక్కి పంపడానికి వీల్లేదు. ఈ మాట మీ కోడలికి చెప్పండి.

ఇంకొక్క హెచ్చరిక. ఇంట్లో గర్భిణి ఎవరైనా ఉంటే ఈ మందును, చేపనూనె గుళికలను ఆమెకు అందనివ్వకండి. ఎక్కువ మోతాదు కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది.

సమాధానం 3: మందుల షాపు నిర్వాహకుడు, చిత్తూరు

చర్చకు అడ్డం పడాలని కాదు కాని, ఒక అనుమానం తీర్చగలరా? ఈ పెద్ద మోతాదులు ఇక అందరికీ అవసరం లేదని శాస్త్రవేత్తలే అంటున్నారని చదివాను. 2001 నవంబరులో అస్సాంలో ఈ మందు వేసినప్పుడు 2 మిల్లీలీటర్ల చెంచాకు బదులు 5 మిల్లీలీటర్ల కప్పు వాడడం, పిల్లలు అస్వస్థులు కావడం, మరణాల మీద పెద్ద వివాదం నడవడం అందరికీ తెలిసిన విషయమే. నాలుగు లక్షల యూనిట్లు రెండు రోజుల్లో వేయమంటే నాకు భయంగానే ఉంది. రోజూ కొద్దికొద్దిగా గుళికల రూపంలో ఇస్తే శరీరం మెల్లగా తీసుకుంటుంది కదా?

సమాధానం 4: పిల్లల వైద్యుడు, తిరుపతి

మీ అనుమానం న్యాయమైనదే, అయితే అందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి.

మొదటిది, ఆరోగ్యంగా ఉన్న పిల్లలందరికీ ఈ మందు వేయాలా అన్నది. మన దేశంలో ఈ కార్యక్రమం 1970లో మొదలైంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలే దానికి పునాది. అప్పుడు పిల్లలు అంధులు కాకుండా కాపాడడమే లక్ష్యం. తరువాత 1986లో ఇండొనేషియా నుంచి, 1990లో తమిళనాడు తిరుచిరాపల్లి ప్రాంతం నుంచి వచ్చిన ఫలితాలు ఈ విటమిన్ పిల్లల మరణాలను కూడా గణనీయంగా తగ్గిస్తుందని చూపాయి. తిరుచిరాపల్లిలో ఇచ్చింది వారానికొకసారి చిన్న మోతాదు కావడం గమనించదగినది. అదే 1990లో హైదరాబాదు ప్రాంతపు అధ్యయనంలో అలాంటి తేడా కనిపించలేదు. 2013లో వెలువడిన ఉత్తరప్రదేశ్ అధ్యయనంలో పది లక్షల మంది పిల్లలను పరిశీలిస్తే మరణాలలో 4 శాతం తగ్గుదల మాత్రమే, అదీ గణాంకపరంగా నిలబడనిదే, కనిపించింది. 2016–18 నాటి జాతీయ పోషకాహార సర్వేలో 1–4 ఏళ్ల పిల్లలలో ఈ లోపం దాదాపు 18 శాతం. 20 శాతం దాటితే తీవ్రమైన ప్రజారోగ్య సమస్యగా పరిగణిస్తారు కనుక, దేశమంతటా అందరికీ వేయడం ఇంకా అవసరమా, లోపం ఎక్కువున్న చోట్లకే పరిమితం చేయవచ్చా అన్న చర్చ నడుస్తున్నది. నా అభిప్రాయం అడిగితే, ఆ చర్చ జరగవలసిందే. కాని కార్యక్రమం అమలులో ఉన్నంతకాలం ఏ పిల్ల గడీ ఖాళీగా ఉండకూడదు.

రెండవది, లక్షణాలు బయటపడిన పిల్లకు చికిత్స చేయాలా అన్నది. దీని మీద వివాదమే లేదు. మాస్టారు గారి మనవరాలు సర్వేలో ఒక అంకె కాదు, రోగి. అస్సాం అనుభవం నేర్పింది కొలత విషయంలో జాగ్రత్త. ఏఎన్‌ఎం అమ్మ చెంచా గురించి అంత పట్టుదలగా రాసింది అందుకే. కొలత సరిగ్గా ఉన్నప్పుడు ఏడాది దాటిన బిడ్డ ఈ మూడు మోతాదులను తట్టుకుంటుందని దశాబ్దాల అనుభవం చెబుతోంది.

గుళికల సంగతి మీరు అనుకున్నదానికి విరుద్ధం. ఈ విటమిన్ నూనెలో కరుగుతుంది, మూత్రంలో పోదు, కాలేయంలో పేరుకుంటుంది. పెద్ద మోతాదు ఒకటి రెండుసార్లు వేసి ఆపితే నిల్వ నిండుతుంది, నెలల తరబడి ఖర్చవుతుంది. అదే రోజూ పరిమితికి మించి నెలల తరబడి మింగిస్తే జుట్టు రాలడం, చర్మం పొలుసులు లేవడం, ఎముకల నొప్పులు, కాలేయం దెబ్బతినడం మొదలవుతాయి. 4–8 ఏళ్ల పిల్లలకు మందుల నుంచి, మాంసాహారం నుంచి వచ్చే రెటినాల్ రోజుకు 3,000 యూనిట్లు దాటకూడదన్నది అమెరికా పోషకాహార నిపుణులు పెట్టిన పరిమితి. చేపనూనె గుళికలలో కంపెనీని బట్టి మోతాదు మారుతుంది. ఒకవైపు టానిక్కు, మరోవైపు గుళికలు, పైన చాక్లెట్లలా తినే విటమిన్ గమ్మీలు కలిపి ఇస్తే ఎంతయిందో లెక్క తేలదు. మీ షాపుకు ఎవరైనా పిల్ల రేచీకటికి మందు అడుగుతూ వస్తే గుళికలు అమ్మకుండా ఆరోగ్య కేంద్రానికి పంపండి. మీరు చేయగల గొప్ప మేలు అదే.

సమాధానం 5: పోషకాహార అధ్యాపకురాలు, తిరుపతి

తిండి సంగతి ఎవరూ ముట్టుకోలేదు కనుక రాస్తున్నాను. మాస్టారు గారూ, “తిండితోనే సరిచేయవచ్చా?” అన్నారు. ఈ వారానికి చేయలేము. వచ్చే నెల నుంచి మాత్రం తిండే దిక్కు.

లెక్క చూడండి. 2 లక్షల యూనిట్లంటే 60,000 మైక్రోగ్రాముల రెటినాల్. 2020 నాటి భారత వైద్య పరిశోధనా మండలి సిఫార్సుల ప్రకారం 4–6 ఏళ్ల పిల్లలకు రోజుకు కావలసినది 510 మైక్రోగ్రాములు. కాగితం మీద భాగహారం చేస్తే ఒక మోతాదు దాదాపు నాలుగు నెలలకు వస్తుంది. వేసినదంతా ఒంటబట్టదు కనుక నిజానికి అంతకన్నా తక్కువే. ఒక గుడ్డులో ఉండేది సుమారు 70–80 మైక్రోగ్రాములు. గుడ్డు ఎంత మంచిదైనా, ఖాళీ అయిన నిల్వను గుడ్లతో నింపాలంటే ఎంతకాలం పడుతుందో మీరే ఊహించుకోండి. మందు ముందు వేయించి, ఆ నిల్వ తరిగిపోకుండా తిండితో నిలబెట్టడమే పద్ధతి.

మన ప్రాంతపు భోజనంలో ఒక చిక్కు ఉన్నది. రాగి సంగటి, ఊరిబిండి (వేరుశెనగ పచ్చడి) బలమైన తిండి, అందులో సందేహం లేదు. రాగిలో కాల్షియం ఉంది, శెనగకాయలలో మాంసకృత్తులు, నూనె ఉన్నాయి. విటమిన్ ‘ఎ’ మాత్రం రెండింటిలోనూ లేదనే చెప్పాలి. వరి అన్నంలోనూ లేదు, చారులోనూ లేదు. కాబట్టి కడుపు నిండా తినే పిల్లకు కూడా ఈ లోపం రావచ్చు. పరిష్కారం కూడా అదే పళ్లెంలో ఉన్నది: సంగటితో పాటు తోటకూర పులగూరో, మునగాకు వేసిన కందిపప్పో చేర్చితే, ఊరిబిండిలోని శెనగనూనె ఆ ఆకులోని, శరీరం విటమిన్ ‘ఎ’గా మార్చుకునే కెరోటిన్‌ను ఒంటబట్టిస్తుంది. ఆకుకూరను నూనె లేకుండా ఉడికించి పెడితే కెరోటిన్‌లో చాలా భాగం వృథా. బాగా ఉడికించి మెత్తగా మెదిపితే, పచ్చిగా ఇచ్చినదానికన్నా ఎక్కువ ఒంటబడుతుంది.

మునగాకు పొడి చేసుకోవాలనుకుంటే ఎండలో ఆరబెట్టకండి, ఆ విటమిన్‌ను ఎండే తినేస్తుంది. నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచి, దోసె పిండిలోనో ఇడ్లీ మీద నెయ్యితోనో ఒక చెంచా కలపండి. ఆకు కనిపిస్తే ముట్టని పిల్లలు పొడిని గుర్తుపట్టరు.

ఇక దామలచెరువులో ఉంటూ మామిడి గురించి నేను చెప్పడం ఏమిటి! మీ మార్కెట్టు నుంచి పల్పు ఫ్యాక్టరీలకు లారీలు బారులు తీరే కాలంలో కూడా చుట్టుపక్కల పిల్లలకు ఈ లోపం కనిపించడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. పండిన బేనీషా, తోతాపురి రెండింటిలోనూ కెరోటిన్ ఉంటుంది. కాయలో తక్కువ, పండులో ఎక్కువ. ఆ రెండు మూడు నెలలూ పాపకు రోజూ పండు పెట్టండి. అన్ని కాలాలలో దొరికేది బొప్పాయి. తియ్యగుమ్మడి, క్యారెట్ కూడా సరే. మామిడి, క్యారెట్ బాగా తిన్న పిల్లల అరచేతులు పసుపుపచ్చగా మారితే భయపడవద్దు. కళ్లు పచ్చబడకపోతే అది కామెర్లు కాదు, కెరోటిన్ రంగు మాత్రమే, దానితో విషం ఎక్కదు. తిండిలోని కెరోటిన్‌ను శరీరం తనకు కావలసినంతే విటమిన్‌గా మార్చుకుంటుంది. మందుకూ పండుకూ ఉన్న ముఖ్యమైన తేడా అది.

మాంసాహారులైతే కార్జం అన్నింటికన్నా గొప్పది. ఎవరో కంటికి ఆవిరి పట్టమన్నారు కదా, ఆ కార్జాన్ని కంటికి కాదు, కడుపుకు పెట్టండి. వారానికొకసారి చిన్న ముక్క చాలు, ఆ ముక్క ఒక్కటే ఆ రోజు అవసరాన్ని దాటిపోతుంది. గుడ్డు వాసన పడదంటే మిరియాలు, నెయ్యి వేసి అట్టులా పోయండి, లేదా దోసె మీద కొట్టి తిప్పండి. అంగన్‌వాడీలో పాపను చేర్పించండి. అక్కడ తోటి పిల్లలు తింటుంటే ఇంట్లో ముట్టని గుడ్డును అక్కడ తినే పిల్లలు చాలామంది ఉన్నారు. మీరు కొనే వంటనూనె, పాల ప్యాకెట్ల మీద నీలిరంగులో ప్లస్ గుర్తు, ఎఫ్ అక్షరం ఉన్నాయేమో చూడండి. అలాంటి నూనెలో గ్రాముకు కనీసం 6 మైక్రోగ్రాములు, పాలలో లీటరుకు కనీసం 270 మైక్రోగ్రాముల విటమిన్ ‘ఎ’ కలపాలన్నది నియమం. గానుగ నూనె రుచిగానే ఉంటుంది కాని, అందులో ఇది ఉండదు.

టీలో రొట్టె మాత్రం ఆపండి. ఆకలి చచ్చిపోవడమే కాదు, తిండిలోని ఇనుమును కూడా ఒంటబట్టనివ్వదు.

ప్రశ్న అడిగినవారు, మళ్లీ

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరు గారు చెప్పినట్టే మరునాడు ఉదయమే ఆరోగ్య కేంద్రానికి వెళ్లాము. అక్కడి వైద్యాధికారిణి టార్చి వేసి కళ్లు చూసి, వెంటనే మొదటి మోతాదు, మరునాడు రెండో మోతాదు వేయించారు. మూడోది రెండు వారాలకు రమ్మన్నారు. అదే వారం తిరుపతి కంటి ఆసుపత్రిలో చూపించాము. మా అబ్బాయిది మేనరికమేనని చెప్పగానే కంటిలో మందు వేసి రెటీనా పరీక్షించారు. అక్కడ లోపమేమీ లేదని, ఇది విటమిన్ లోపమేనని చెప్పారు. రెండో మోతాదు తరువాత సాయంత్రం వసారాలో పడిపోయిన గాజును తనే వెతికి తెచ్చుకుంది. మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి.

గుళికల సీసా తిరిగి ఇచ్చేస్తానంటే షాపువారు ఒప్పుకోలేదు, దాన్ని అలమరలో పైన పెట్టేశాను. ఇంకొక సందేహం: పెద్దవాడికి ఎనిమిదేళ్లు. వాడు తినేదీ అదే తిండి, పెరిగిందీ అదే ఇంట్లో. వాడికి ఈ మందు వేయించవచ్చా? ఆరోగ్య కేంద్రంలో అడిగితే అయిదేళ్లు దాటినవారికి వేయరన్నారు.

సమాధానం 6: పిల్లల వైద్యుడు, తిరుపతి

చాలా సంతోషం, మాస్టారు గారూ. మచ్చల గురించి దిగులు వద్దు, మూడో మోతాదు మాత్రం తప్పించవద్దు. రాత్రి చూపు వచ్చేసింది కదా అని చాలామంది దాన్నే ఎగ్గొడతారు.

పెద్దవాడికి కార్యక్రమం కింద వేయరన్న మాట నిజం. అంతమాత్రాన ఆ వయసులో లోపం ఉండదని కాదు. నేను పైన చెప్పిన సర్వేలోనే 5–9 ఏళ్ల పిల్లలలో అది దాదాపు 22 శాతం, అంటే చిన్నపిల్లల కన్నా ఎక్కువ. వాడి కళ్లు కూడా ఒకసారి చూపించండి. రేచీకటి గాని, మచ్చలు గాని ఉంటే వయసుతో నిమిత్తం లేకుండా వాడికీ అదే చికిత్స. ఏ లక్షణమూ లేకపోతే మందు వద్దు, అధ్యాపకురాలు గారు చెప్పిన తిండి చాలు. పిల్లలిద్దరికీ నులిపురుగుల మందు వేయించారో లేదో కనుక్కోండి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీలలోను, బడులలోను ఆల్బెండజోల్ వేస్తారు. కడుపులో పురుగులుంటే మీరు పెట్టే మునగాకు సగం వాటిపాలే.

రేపెప్పుడైనా పిల్లలకు తట్టు పోస్తే, అమ్మవారు పోసిందని ఇంట్లోనే ఉంచకండి. తట్టు వచ్చిన బిడ్డకు విటమిన్ ‘ఎ’ వరుసగా రెండు రోజులు వేయాలి. ఈ లోపం ఉన్న పిల్లల కళ్లు ఎక్కువగా పోయేది ఆ జబ్బులోనే.

సమాధానం 7: విశ్రాంత ఏఎన్‌ఎం, పలమనేరు

మాస్టారు గారూ, మూడో మోతాదు వేసిన రోజున తేదీ, మోతాదు కార్డులో రాయించి సంతకం పెట్టించుకోండి. చికిత్స కోసం వేసినదని కూడా రాయమనండి. లేకపోతే తరువాత చూసినవారు దాన్ని మామూలు మోతాదనుకుంటారు. అక్కడి నుంచి ఆరు నెలలు లెక్కపెట్టి, అప్పటికి పాపకు అయిదేళ్లు నిండకపోతే మిగిలిన నివారణ మోతాదు వేయించండి. ఆ పేజీని ఫొటో తీసి మీ కోడలికి పంపి ఉంచండి. పిల్లల్ని మళ్లీ బెంగళూరు తీసుకువెళ్లినా, మందు వేయాలా వద్దా అన్నది అక్కడివారు దాన్ని చూసి తేల్చుకుంటారు.